ఏడు కేజీల పాప

మా నాన్న మదనపల్లె టమోటా మార్కెట్లో ఒక మండీలో తూకం వేసే పని చేసేవాడు. నాకు లెక్కలు వచ్చింది బడిలో కాదు, ఆ కాటా పక్కన. సెలవుల్లో నన్ను వెంట తీసుకుపోయేవాడు. కాటా మీద క్రేటు పెట్టి "ఎంతమ్మా?" అనేవాడు. చెప్పేదాన్ని. "క్రేటు తీసెయ్" అనేవాడు. ఖాళీ క్రేటు బరువు తీసేసి మళ్ళీ చెప్పేదాన్ని. క్రేటు లేకుండా కాయల్ని కాటా మీద పెట్టలేం. అట్లని క్రేటును లెక్కలో ఉంచనూ కూడదు. రైతు బతిమాలినా, వ్యాపారి కేకలేసినా నాన్న ఆ తీసివేత దగ్గర మాత్రం ఎవరి మాటా వినేవాడు కాదు. తూకం కాడ మొగమాటం పనికిరాదు అనేవాడు.

ఆ మాట పట్టుకునే కాబోలు, నేను ఫార్మసీ చదివాను. ఇప్పుడు నలభై దాటాక పుంగనూరులో ఒక మందుల షాపులో కౌంటరు వెనక నిలబడుతున్నాను. షాపు వేరేవాళ్ళది, కాళ్ళనొప్పులు నావి.

పెద్దవాళ్ళకు ఎన్ని మందులిచ్చినా నాకు అలుపు రాదు. చిన్నపిల్లల మందు అడిగితేనే ప్రాణం మీదికి వస్తుంది. పెద్దవాళ్ళకు మాత్ర అంటే మాత్ర. పిల్లలకు అట్ల కాదు. జ్వరం మందు ఎంత పోయాలన్నది బిడ్డ వయసును బట్టి కాదు, బరువును బట్టి లెక్క కట్టాలి. ఒకే నెలలో పుట్టిన ఇద్దరిలో ఒకడు గుమ్మడికాయ మాదిరి, ఇంకొకడు మునక్కాయ మాదిరి ఉండొచ్చు. ఇద్దరికీ ఒకే కొలత పోస్తే ఒకడికి చాలదు, ఇంకొకడికి ఎక్కువవుతుంది. దానికి తోడు ఒకే మందు ఒక సీసాలో పలచగా, ఇంకో సీసాలో రెండింతలు చిక్కగా వస్తుంది. కొనేవాళ్ళకు మాత్రం అన్నీ తియ్యటి రంగు నీళ్ళే. అందుకని నేను ముందుగా అడిగేది ఒకటే, బిడ్డ బరువెంత అని.

ఆ ఒక్క ప్రశ్నకు మా వైపు ఎవరూ సూటిగా జవాబు చెప్పరు. "యాల?" అని, నీకెందుకన్నట్టు, ఎదురు అడుగుతారు. బిడ్డ బరువు పైకి చెప్తే దిష్టి. కన్నతల్లి కూడా తన బిడ్డ బరువెక్కాడని నోటితో అనకూడదు. చెప్పక తప్పనప్పుడు ఒకటో రెండో కేజీలు తగ్గించి చెప్తారు. "ఏమీ తినడమ్మా, పుల్ల మాదిరి ఉండాడు" అంటూ బిడ్డను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంటారు. మార్చుకునేటప్పుడు వాళ్ళ నడుము వంగే తీరు చూస్తే పుల్ల బరువెంతో నాకు తెలిసిపోతుంది.

నాకు చెప్పడానికి వాళ్ళకు ఇంకొంచెం ఎక్కువ భయం. ఎందుకంటే నాకు పిల్లలు లేరు.

ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. విన్నవాళ్ళ ముఖం మారుతుందే, అది చూడటమే విసుగు. మా ఆయన కుప్పంలో ఒక గ్రానైటు ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తాడు. పెళ్ళయ్యాక చాలా ఏళ్ళు అక్కడే, ఆయన వాళ్ళందరి మధ్యే ఉన్నాం. మా ఆడబిడ్డ కొడుకును ఉయ్యాలలో వేసిన రోజు అందరూ బిడ్డను చేతులు మార్చుకుంటుంటే నేనూ చేతులు చాచాను. తూకం వేసేవాడి కూతుర్ని కదా, బిడ్డ చేతిలో పడగానే నోటి నుంచి మాట జారిపోయింది. "బాగా బరువుండాడే" అన్నాను. ఆడబిడ్డ నవ్వుతూనే బిడ్డను వెనక్కి తీసుకుంది. మరుసటి రోజు ఆ బిడ్డకు వాంతులయ్యాయి.

ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే తిరిగి నాలుగు అనేదాన్ని. అనకుండా ఊరుకుంటే ఏం చేయగలం. ఆ తర్వాత నేను గదిలోకి వస్తే చాలు, ఆ బిడ్డకు నిద్ర టైమయ్యేది. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు. కుప్పంలో నల్లరాళ్ళు కోయడానికి మిషన్లు పెట్టుకున్నారు, నన్ను తీసుకుపోయి ఎదురుగా నిలబెట్టి ఉంటే కరెంటన్నా మిగిలేది. ఈ మాట మా ఆయనతో అన్నాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

పుంగనూరులో ఈ ఉద్యోగం దొరగ్గానే వచ్చేశాను. మొదట్లో ఆయన ప్రతి ఆదివారం పలమనేరు మీదుగా బస్సులో వచ్చేవాడు. తర్వాత ఆదివారం విడిచి ఆదివారం. ఇప్పుడు పండగలకు వస్తాడు. మా మధ్య గొడవేమీ లేదు. గొడవ పడాలన్నా ఇద్దరూ ఒక చోట ఉండాలి కదా.

ఇక్కడ మేడ మీద ఒక గది అద్దెకు తీసుకున్నాను. కింది ఇంట్లో ఒక అవ్వ, ఆమె కోడలు, ఏడాది దాటి కొన్ని నెలలైన మనవరాలు ఉంటారు. కొడుకు బెంగుళూరులో పని, నెలకోసారి వస్తాడు. అవ్వ అంటే మరీ ముసలిదేమీ కాదు, పాపకు అవ్వ కాబట్టి వీధికంతా అవ్వ. పొద్దున నేను మెట్లు దిగే చప్పుడు వినపడగానే వాకిట్లో ఆడుకునే పాపను ఎత్తుకుని లోపలికి పోయేది. దురుసుగా ఏమీ కాదు. "పాలు తాగే టయమయిండాది లేమ్మా" అని నాకు మర్యాదగా చెప్పి మరీ పోయేది. పాప ఆమె భుజం మీద ఉండేది కాబట్టి నాకు ఎప్పుడూ పాప వీపు, రెండు పిలకలే కనపడేవి.

కొన్నాళ్ళకు నేనే ఒక పద్ధతి పెట్టుకున్నాను. మెట్లు దిగేముందు పైనుంచే ఒకసారి గట్టిగా దగ్గేదాన్ని. ఆమె హడావిడి పడకుండా నింపాదిగా పాపను తీసుకుని లోపలికి పోయేది. ఖాళీ వాకిట్లో చెక్కబొమ్మనో, సగం కొరికిన బిస్కెట్టునో దాటుకుంటూ నేను పనికి పోయేదాన్ని. ఏ జబ్బూ లేకుండా రోజూ దగ్గడం నాకే వింతగా ఉండేది, కానీ అలవాటైపోయింది.

అంగన్‌వాడీలో నెలనెలా పిల్లల్ని తూకం వేస్తారు. ఆ రోజు అవ్వ పాపను ఎత్తుకుని పలమనేరులో చెల్లెలి ఇంటికి పోయేది. టీకా వేయించినప్పుడు ఆసుపత్రిలో మాత్రం తూకం తప్పలేదు, అప్పుడు ఏడు కేజీలుంది. అప్పట్నుంచి పాపకు పళ్ళొచ్చాయి, నడక వచ్చింది, మాటలు కూడా వస్తున్నాయి. బరువు మాత్రం ఆ ఇంట్లో ఏడు దగ్గరే ఆగిపోయింది.

మొన్న వానలు పట్టిన రోజుల్లో ఒక పొద్దున అవ్వ షాపుకొచ్చింది.

"పాపకు జరమమ్మా. సిరప్పు ఇయ్యి."

"బరువెంతవ్వా?"

"ఏడు కేజీలు."

నేను రోజూ పైనుంచి చూసే ఆ వీపు ఏడు కేజీల వీపు కాదు. కానీ ఆ మాట నేను ఎట్ల అనేది? పది ఉంటుందేమో అంటే, అన్న క్షణమే నా కన్ను పడినట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఎత్తుకొని రా అవ్వా. ఈడ కాటా ఉండాది, ఒక్క నిమిషం సూస్తే సరిపోతాది" అన్నాను.

"జరంతో ఉండే బిడ్డను తూకమెయ్యగూడదమ్మా. ఏడు కేజీలే లే."

ఏడుకే లెక్క కట్టి ఇచ్చాను. మందు తక్కువైతే జ్వరం దిగడం ఆలస్యమవుతుంది, ఎక్కువైతే కాలేయం దెబ్బతింటుంది, కాబట్టి తక్కువ వైపు ఉండటమే మేలు. కొలత కప్పు మీద పెన్నుతో గీత గీసి, అంతవరకే పోయాలని చూపించాను. ఆరు గంటలకొకసారి, రోజుకు నాలుగుసార్లు మించకూడదు, ఇంకే సిరప్పూ కలపకూడదు, రేపటికి తగ్గకపోతే డాక్టరు దగ్గరికి పోవాలి అని చెప్పాను. అవ్వ అన్నిటికీ తల ఊపింది. తల ఊపడానికి తూకం పని లేదు కదా.

మరుసటి రోజు షాపు తెరిచిన కాసేపటికే కోడలు వచ్చింది. చిన్న పిల్ల, ముఖం పీక్కుపోయి ఉంది. చేతిలో కవరు, కవర్లో రెండు సీసాలు.

"అక్కా, ఈ రెండిట్లో యాది మంచిది? నువ్విచ్చింది తాపితే ఒంటి కాక తగ్గలేదు. అత్త బస్టాండు కాడ షాపులో ఇంగోటి తెచ్చింది. రెండూ తాపతా ఉండాం."

సీసాలు రెండూ కౌంటరు మీద పెట్టి చూశాను. పేర్లు వేరు, రంగులు వేరు, లోపల ఉండే మందు ఒకటే. బస్టాండు దగ్గర కొన్నది నేను ఇచ్చినదానికి రెండింతలు చిక్కనిది, పెద్ద పిల్లలది.

"ఎన్నిసార్లు తాపినారు?"

"కాక ఎక్కువైనప్పుడంతా."

"ఇది ఎంత పోసినారు?"

"మూత నిండా. దానికి కప్పు లేదక్కా."

రెండు సీసాలూ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాను. సీసాల్లో తగ్గినదాన్ని బట్టి లోపలికి ఎంత మందు పోయిందో ఉజ్జాయింపుగా లెక్క కట్టగలను. కానీ అది పాపకు ఎంత ఎక్కువన్నది పాప బరువు తెలిస్తేనే తెలుస్తుంది. ఏడు కేజీల బిడ్డకైతే అది పెద్ద ప్రమాదం. పది కేజీల బిడ్డకైతే హద్దు దాటినా అంత కాదు. నా పాతికేళ్ళ చదువూ అనుభవమూ ఆ ఒక్క అంకె దగ్గరకొచ్చి నిలబడిపోయాయి.

"పాప నిజంగా ఎంత బరువుండాదో నాకు ఒక్కదానికి చెప్పు. మీ అత్తతో అననులే" అన్నాను.

ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాకూ తెలీదక్కా. తూకం ఎయ్యనిస్తే గదా."

షాపాయనకు చెప్పి సీసాలు కవర్లో వేసుకుని ఆ పిల్లతోనే ఇంటికి పోయాను. పాప అవ్వ ఒళ్ళో మగతగా పడి ఉంది. మదనపల్లెలో పిల్లల డాక్టరు దగ్గరికి ఇప్పుడే పోవాలన్నాను. రెండు సీసాల్లోనూ ఒకటే మందు ఉందని, అది ఎక్కువైతే ఏమవుతుందో దాచకుండా చెప్పాను. అవ్వ పాపను కోడలికి అందించింది. లేచి చెప్పులు వేసుకుంటూ "నువ్వు యాలమ్మా, మేం పోతాంలే" అంది.

"ఈ సీసాల సంగతి డాక్టరుకు నేను చెప్పాల" అన్నాను. అవ్వ తలుపుకు తాళం వేసింది.

బస్సులో వాళ్ళు ముగ్గురూ ఒక సీటులో, నేను వెనక సీటులో కూర్చున్నాం. పాప తల్లి భుజం మీద తల పెట్టి వెనక్కి, నా వైపు చూసింది. అంత దగ్గర నుంచి ఆ ముఖం చూడటం అదే మొదలు. గడ్డం మీద చిన్న మచ్చ ఉంది, అది అవ్వ పెట్టిన దిష్టి చుక్క కాదు, పుట్టుమచ్చ. ఒక సంవత్సరంగా ఒకే కప్పు కింద ఉంటున్నాం, ఆ మచ్చ ఉందని నాకు తెలియదు. జ్వరంతో ఎర్రబడిన కళ్ళతో నన్నే చూస్తోంది. అవ్వ తల తిప్పి చూస్తుందేమోనని నేను కిటికీ వైపు తిరిగాను. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. ఎవరి మీద కోపమో, ఎందుకు దుఃఖమో అడిగితే చెప్పలేను. ఒంటరిగా ఉండటం నాకు కొత్త కాదు గానీ, ఒక బిడ్డ చూస్తుంటే ముఖం తిప్పుకోవాల్సి రావడం ఎన్నాళ్ళైనా అలవాటు కాలేదు.

డాక్టరు గది బయట నర్సు మొదట అడిగింది అదే.

"పాప బరువెంత?"

కాటా మీద కూర్చోబెడితే పాప ఒక్క క్షణం నిలవలేదు, ఏడుస్తూ దొర్లింది. "ఎవరైనా ఎత్తుకొని ఎక్కండి. తర్వాత మీ బరువు తీసేస్తాం" అంది నర్సు. తల్లి ఎక్కబోయి తూలింది. నిన్నటి నుంచి ఆ పిల్ల ఏమీ తినలేదట. నర్సు ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి నీళ్ళు తాగించింది. అవ్వ పాపను అందుకుని కాటా మీద ఒక కాలు పెట్టింది, మోకాలు సహకరించలేదు, దించేసింది. నేను గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను. నేనుగా ముందుకు పోలేదు.

అవ్వ నా వైపు చూసింది. పాపను చూసుకుంది. మళ్ళీ నా వైపు చూసింది.

"పట్టుకోమ్మా" అని పాపను నా చేతుల్లో పెట్టింది.

కాటా ఎక్కాను. పాప ఏడుపు ఆపలేదు గానీ చెయ్యి నా మెడ చుట్టూ వేసింది. చెంప నా మెడ మీద కాలిపోతోంది. కింద ఎర్ర అంకెలు కాసేపు ఊగి నిలబడ్డాయి. అరవై ఎనిమిదిన్నర. అది నా బరువు కాదు, పాప బరువు కాదు, మా ఇద్దరిదీ. దిగాలనిపించలేదు.

"పాపను ఇచ్చేసి మీరొక్కరే నిలబడండమ్మా" అంది నర్సు.

ఇచ్చేశాను. ఒక్కదాన్నే నిలబడ్డాను. యాభై ఎనిమిది. నర్సు ఫోను తీసి లెక్క కట్టేలోపు "పదిన్నర" అన్నాను. క్రేటు తీసెయ్ అని నాన్న చెప్పినట్టే ఉంది. కాయ బరువు ఎంతో తేలింది. క్రేటు సంగతి ఎవరూ అడగరు, అడగాల్సిన పనీ లేదు. నాన్న పక్కన నిలబడి అన్ని వేలసార్లు తీసేశాను గానీ, నన్ను నేను తీసేసుకోవడం అదే మొదటిసారి.

ఏడు కేజీలకని నేను మందిచ్చిన సంగతి విని, డాక్టరు సీసాలు రెండూ తిప్పి చూసి, ఏది ఎన్నిసార్లు పోశారో కోడలిని నిదానంగా అడిగి తెలుసుకున్నాడు. "రోజుకు ఉండాల్సిన హద్దు దాటింది. పదిన్నర కేజీల పిల్ల కాబట్టి సరిపోయింది. నిజంగా ఏడే అయ్యుంటే నేనిట్ల నింపాదిగా మాట్లాడేవాణ్ణి కాదు" అన్నాడు. జ్వరం గొంతు వల్ల వచ్చిందన్నాడు. రక్తపరీక్షకు రాసి, రిపోర్టు చూసేదాకా పాపను కదిలించొద్దన్నాడు. అవ్వ పాప పాదాలు పట్టుకుని కూర్చుంది. ఇన్ని నెలలుగా తాను దాచిపెట్టిన ఆ మూడున్నర కేజీలే ఇప్పుడు బిడ్డకు అడ్డం నిలబడ్డాయని ఆమెకు అర్థమైంది.

రిపోర్టు వచ్చేదాకా నేను బయట వరండాలో కూర్చున్నాను. ఎవరికైనా చెప్పాలనిపించింది. కుప్పానికి ఫోను చేశాను. అవతల రాయి కోసే మిషను మోత.

"ఏం, ఈ టయంలో?" అన్నాడు మా ఆయన.

"ఊరికే."

"తిన్నావా?"

"తిన్నాను."

పాప చెయ్యి మెడ మీద వేసిందని చెప్దామనుకున్నాను. ఆ మోతలో అది అరిచి చెప్పాలి. అరిచి చెప్పే మాట కాదు కాబట్టి పెట్టేశాను.

సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. కాలేయానికి ఏమీ కాలేదు. రేపటిదాకా ఆ మందు ఆపమన్నాడు, తర్వాత పదిన్నర కేజీలకు ఎంత పోయాలో చీటీ మీద రాశాడు. కోడలు ఆ చీటీని నాకు చూపించి కొలత మళ్ళీ మళ్ళీ అడిగింది. బస్సులో పాప బాగా నిద్రపోయింది. పుంగనూరులో దిగి ఇంటికి వచ్చాక అవ్వ పాపను తీసుకుని లోపలికి పోయింది, నేను మెట్లెక్కి నా గదికి పోయాను. రోజూ లాగే.

దీపాలు పెట్టే వేళకు కింద వాకిట్లో పొయ్యి దగ్గర గాజుల చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే అవ్వ ఉప్పు, ఎండుమిరపకాయలు పిడికిట పట్టుకుని పాప చుట్టూ తిప్పుతోంది. నాకు తెలుసు, అది ఎవరి దిష్టో. మధ్యాహ్నం బిడ్డను ఎత్తుకున్నది ఎవరు మరి. నవ్వబోయాను, రాలేదు. మంచం మీద కూర్చున్నాను.

మా వైపు లెక్క ఒకటుంది. దిష్టి తీసిన మిరపకాయలు నిప్పుల్లో వేస్తే, దిష్టి ఉంటే ఘాటు రాదు. దిష్టి లేకపోతే మామూలుగా ఘాటు వచ్చి అందరూ దగ్గుతారు. నేను మందుల చదువు చదివినదాన్ని, ఇట్లాంటివి నమ్మను. నమ్మని దాన్ని ఊపిరి బిగబట్టుకుని ఎందుకు కూర్చున్నానో తెలియదు. నిప్పుల్లో మిరపకాయలు చిటపటలాడటం వినపడింది. ఘాటు రాలేదు. లేచి కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాను. అయినా రాలేదు. ఆడబిడ్డ కొడుకు గుర్తొచ్చాడు. నిజంగానే నా కంట్లో ఏదైనా ఉందేమో అని, ఇన్నేళ్ళలో మొదటిసారి, నాకే అనుమానం వచ్చింది.

అప్పుడు గాలి ఇటు తిరిగింది. ఘాటు ఒక్కసారిగా గొంతులో పడింది. కిటికీ ఊచలు పట్టుకుని దగ్గాను, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా ఆగకుండా దగ్గాను. కింద అవ్వా దగ్గింది, కోడలూ దగ్గింది, పాప కూడా చిన్నగా దగ్గి ఏడుపు అందుకుంది.

"పైకి వచ్చిందా అమ్మా ఘాటు?" అని అవ్వ వాకిట్లోంచి కేకేసింది.

"వచ్చిందవ్వా."

"అయితే ఏమీ లేదులే. పోయి బువ్వ తిను."

సరే అని కిటికీ మూయబోతుంటే మళ్ళీ పిలిచింది. ఈసారి గొంతు తగ్గించి అంది.

"ఇంగ మెట్లు దిగేటప్పుడు దగ్గబాకమ్మా."